పేరు మార్చిన పెద్దన

మొన్న సీతాఫల్‌మండిలో ఓ ఫ్లెక్సీ దుకాణంలో కూర్చున్నాను. తెర మీద పచ్చళ్ల వ్యాపారి బోర్డు తయారవుతోంది: ‘మా పేరుతో నకిలీలు వస్తున్నాయి, జాగ్రత్త!’ ఆ అక్షరాలేమో ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచో దిగిన, కొనని ఫాంటువి.

“లైసెన్సుందా తమ్మీ?” అన్నాను.

“అచ్చరాలకు లైసెన్సేంది సార్, బండికి గదా!”

కుర్రాడిది సగం న్యాయమే. అక్షరం ఆకారం మీద హక్కెవరిదన్నది లాయర్లకే చిక్కుముడి. ఫాంటు ఫైలు మాత్రం కంప్యూటర్ ప్రోగ్రాం. మన 1957 కాపీరైట్ చట్టం లెక్కలో ప్రోగ్రాం కూడా సాహిత్యమే. అంటే జరుగుతున్నది కావ్యచౌర్యం!

పోనీ, ఊరికే దొరికేవి లేవా? సిలికానాంధ్ర సంస్థ పాత కవులు పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్నల పేర్లతో ఫాంట్లు చేయించి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వదిలింది. వాడుకో, మార్చుకో, ఫాంటును విడిగా అమ్మకు. పేరు రిజర్వు చేసి ఉంటే, మార్చిన అక్షరాలకు వేరే పేరు పెట్టుకో. మనవాళ్లు దీన్ని తిరగేసి చదివారు: అక్షరం జోలికి పోరు, పేరొక్కటే మార్చేస్తారు. ఆ కంప్యూటర్‌లో పెద్దన ఇప్పుడు ‘పెళ్లికార్డు కొత్తది 2’.

నా బిల్లు చేతికొచ్చింది. అడుగున చిన్న లైను: ‘ఫాంటు చార్జి రూ.50’.