సంక్రాంతి ఫ్లెక్సీ

సంక్రాంతికి సూర్యుడు మకరరాశిలోకి, మన నాయకులు ఫ్లెక్సీలోకి ప్రవేశిస్తారు. సూర్యుడు నెల తిరిగేసరికి కుంభంలోకి సర్దుకుంటాడు గానీ, వీళ్లు ఉగాది ఫ్లెక్సీ వచ్చి మీద పడేదాకా స్తంభం వదలరు.

దగ్గరికెళ్లి చూడండి. మధ్యలో చేతులు జోడించిన పెద్దాయన, పైన వరసగా అధిష్ఠానం, కింద తపాలాబిళ్లలంతేసి అనుచరులు, నల్ల కళ్లద్దాలతో సహా. పండగేదంటారా? కుడివైపు మూలన ఓ పొంగలి కుండ, సగం గాలిపటం. మిగతా సగం మీద వార్డు నాయకుడి మొహం పడింది.

ముగ్గుల పోటీల్లోనూ ఇదే వరస. తెల్లారకముందే లేచి, చుక్కలు కలిపి, నడుం పట్టేసిన ఆడపడుచుకు స్టీలు డబ్బా. ఆ ముగ్గు తొక్కుకుంటూ వేదికెక్కినాయనకు శాలువా. డబ్బా మీదా దాత ఫొటో ఉంటుంది లెండి, పప్పు తీసినప్పుడల్లా గుర్తుకు రావాలిగా!

హరిదాసుగారు ఎండలో నిలబడే ఉన్నారు. నెత్తి మీది అక్షయపాత్ర ఇల్లు చేరేదాకా దించకూడదు. మైకు దించకూడదని మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు. ఆ సంగతి వక్తకు చెప్పేదెవరు?

చివరికి గంగిరెద్దును పిలిచి, 'సారుకు ఈసారి టికెట్ ఖాయమేనా?' అని అడిగారు. సన్నాయి వినబడగానే అది అలవాటుగా తలూపింది. కిందటేడు అవతలి పార్టీ ఆయనకూ ఇలాగే ఊపింది. ఒంటినిండా బొంతలున్నా సరే, దానికీ ఓ శాలువా కప్పి ఫొటో తీశారు. కనుమ ఫ్లెక్సీకి పనికొస్తుందట!