మోత లెక్క

పదేళ్ళు నిండిన డీజిల్ బండికి అప్పట్లో ఢిల్లీ చుట్టుపక్కల నూకలు చెల్లినట్టే. 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఆ మాట అంది, 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ లెక్కన నోయిడాలో ఉంటున్న మా బావ 2014 జనవరిలో కొన్న బండికి 2024 సంక్రాంతితో ఆయుష్షు తీరింది. ఇంజను భేషుగ్గా ఉంది, టైర్లు కొత్తవి. అయినా ఎన్‌ఓసీ తీసుకుని, ఆ నిబంధన లేని రాష్ట్రంవాళ్ళకి అయినకాడికి అమ్మేసి, బావ కొత్త బండి వేటలో పడ్డాడు.

సరిగ్గా అప్పుడే మా అత్తయ్య నోట నర్మద మాట వచ్చింది.

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క, బావకి తల్లి, మా అక్కకి అత్తగారు. డెబ్బై ఆరేళ్ళు. తెనాలి దగ్గర ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వచ్చేసింది. పన్నెండో అంతస్తు నుంచి ఆవిడ కిందికి దిగేది డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వస్తేనే. మోకాళ్ళు అరిగిపోయాయి. అది చాలనట్టు గంటకోసారి బాత్రూముకి లేవాలి. 2023లో గంగా పుష్కరాలకి కాశీ ఘాట్ల నిండా తెలుగువాళ్ళే కనిపిస్తుంటే, టీవీ ముందు కూర్చుని చేతులు జోడించి ఊరుకుంది. మరుసటి ఏడు మే 1 నుంచి నర్మదకి పుష్కరాలని పంచాంగంలో చూసి, ఓ రాత్రి భోజనాల దగ్గర అడిగింది.

"ఒరేయ్, ఓంకారేశ్వరం మనకి ఎంత దూరం రా?"

అడిగింది అంతే. తీసుకెళ్ళమనలేదు.

"సుమారు తొమ్మిది వందల కిలోమీటర్లమ్మా. ఆగ్రా, గ్వాలియర్, ఇండోర్ మీదుగా..." అంటూనే బావ ఆగిపోయాడు. కళ్ళు మెరిశాయి. "రైలెందుకు, హోటలెందుకు? ఇంటినే బండి వెనకాల కట్టుకుపోదాం! మంచం, బాత్రూము, వంటగది అన్నీ ఉన్న ట్రైలర్. నీకు ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుతాను."

"నాకోసం అంత ఖర్చెందుకు రా?"

"నీకోసం కాకపోతే ఇంకెవరి కోసమమ్మా?"

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా బండి ఎన్నికే సరిపోయింది. ప్రతి ఆదివారం మెట్రో దిగి వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. భోజనం కాగానే బావ నన్ను ఓ షోరూముకి లాక్కెళ్ళేవాడు. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న వేసేవాడు.

"దీని వెనక ఎంత బరువు కట్టి లాగొచ్చు?"

ఒక కుర్రాడు బిత్తరపోయి, "సార్, దీనికి పనోరమిక్ సన్‌రూఫ్ ఉంది" అన్నాడు. ఇంకోచోట మేనేజరే వచ్చాడు. "మీరు లాగడమెందుకు సార్? దారిలో ఆగిపోతే మేమే వచ్చి లాక్కొస్తాం, మొదటి ఏడాది ఉచితం" అని భరోసా ఇచ్చాడు. వాళ్ళ తప్పేమీ లేదు. మన దగ్గర బండి కొనేవాడు అడిగేది మైలేజీ. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ట్రైలర్ ఉన్నవాడు మొదట అడిగేది లాగుడు బరువు. ఇక్కడ ఆ అంకె అమ్మకపు పుస్తకాల్లో మామూలుగా కనిపించదు.

దాంతో బావే పట్టిక గీశాడు. ఇన్నోవా హైక్రాస్ చప్పుడు చేయదు, మెత్తగా పోతుంది. కానీ దానికి విడి ఛాసిస్ లేదు, నడిచేది ముందు చక్రాల మీద. వెనక బరువు వేలాడితే ఆ ముందు చక్రాల పట్టే సడలుతుంది. కొట్టివేత. అదే ఇంటిపేరున్న క్రిస్టా లాడర్ ఫ్రేమ్ మీద కూర్చుంది, టార్క్ 343 న్యూటన్ మీటర్లు. స్కార్పియో-ఎన్ డీజిల్ ఆటోమేటిక్‌కి 400, ఫార్చ్యూనర్ డీజిల్ ఆటోమేటిక్‌కి 500. ఇసుజు వి-క్రాస్‌కి 360. మోతకీ లాగుడుకీ పుట్టిన బండే గానీ సీట్లు ఐదే. "అమ్మని వెనక తొట్టిలో కూర్చోబెడతామా?" అని దాన్నీ కొట్టేశాడు.

"పెట్రోలుదే కొను నాన్నా, పదిహేనేళ్ళు ఉంచుకోవచ్చు" అన్నాడు కొడుకు.

"లాగడానికి కావలసింది వేగం కాదురా. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే వచ్చే టార్క్. దానికి డీజిలే."

"పదేళ్ళకి మళ్ళీ అమ్మేయాలిగా?"

"పదేళ్ళకి మీ నానమ్మకి ఎనభై ఆరు. చాలదూ?"

అత్తయ్య చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఆ లెక్క కూడా వింది.

చివరికి లాడర్ ఫ్రేమ్ మీది ఏడు సీట్ల డీజిల్ బండే వచ్చింది. రెండు వేల సీసీ దాటింది కాబట్టి ధర మీద ఒక శాతం పర్యావరణ పరిహారం పడింది. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు అలాంటి బళ్ళ రిజిస్ట్రేషన్ ఇక్కడ ఆపేసి, 2016 ఆగస్టులో ఈ షరతు మీదే వదిలింది. బావ కిక్కురుమనకుండా కట్టాడు. "అంతా అమ్మ కోసమే" అన్నాడు నాతో.

ట్రైలర్ ఫరీదాబాద్‌లో ఓ షెడ్డులో తయారైంది. షెడ్డు యజమాని తెల్ల గడ్డం సర్దార్జీ, మాటలు తక్కువ మనిషి. బావ చేతిలోని చిట్టా చూసి ఒక్కొక్కటే వెల్డింగు చేయించుకుంటూ పోయాడు. ఖాళీ ట్రైలర్ 850 కిలోలు. అమ్మకి వెస్టర్న్ కమోడు, దాని కింద తొట్టి, గోడకి పట్టుకోవడానికి కడ్డీలు: 70. కమోడుకి నీళ్ళు కావాలి కదా, వంద లీటర్ల ట్యాంకు: 100. మే నెల మధ్యప్రదేశ్ ఎండకి అమ్మ తట్టుకోలేదు, ఏసీ: 45. ఏసీకి బ్యాటరీలు, ఇన్వర్టరు: 60. నడుం పట్టకుండా మందపాటి పరుపులు: 40. నిండు గ్యాసు బండ: 30. అమ్మ బయటి తిండి ముట్టదు కాబట్టి బియ్యం, పప్పులు, పచ్చడి జాడీలు, కుక్కర్లు, అరలు: 105. మొత్తం 1300.

"ఇరుసు తట్టుకునేది ఇంతే. ఇక సూది కూడా పెట్టొద్దు" అన్నాడు సర్దార్జీ. "బ్రేకులు ట్రైలర్‌కి విడిగా పెడుతున్నాను. యూరప్‌లో 750 కిలోలు దాటితే అవి లేకుండా రోడ్డెక్కనివ్వరు."

"నడిచేటప్పుడు మా అమ్మ లోపల మంచం మీద పడుకోవచ్చుగా?"

"కదులుతున్న ట్రైలర్లో మనిషి ఉండకూడదు. ఆపాకే ఎక్కాలి." ఆయన లేచి హుక్కు మీద చెయ్యి వేశాడు. "ఇంకో మాట. ఈ 1300లో పదో వంతు, అంటే 130 కిలోలు, ఇదిగో ఇక్కడ కూర్చుంటుంది. ఇది మీ కారు మోసే బరువు."

"సామాను కాస్త వెనక్కి జరిపితే హుక్కు మీద తగ్గుతుందిగా?"

"తగ్గుతుంది. తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. అది ఊపడం మొదలుపెడితే కారుని కూడా తిప్పేస్తుంది." ఆర్‌సీ అడిగి తీసుకుని, నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేసి అట్టముక్క మీద రాశాడు: 580. "డ్రైవరు, మనుషులు, సామాను, హుక్కు మీది బరువు, హుక్కు బిగించిన ఇనుము అన్నీ ఇందులోనే సర్దుకోవాలి. సీట్లు ఏడున్నాయని ఏడుగురూ ఎక్కుతారు. బండికి సీట్లు తెలియవు, కిలోలే తెలుసు."

బావ ఆ అట్టముక్కని పర్సులో పెట్టుకున్నాడు. కానీ అప్పటికి మనసంతా రంగు మీద ఉంది. లేత నీలమా, గోధుమ వన్నెనా?

సొంతానికి వాడుకునే క్యాంపర్ ట్రైలర్ 2004 నాటి కేంద్ర నోటిఫికేషన్లో రవాణాయేతర వాహనాల జాబితాలోనే ఉంది. అందుకని కాగితాలు ఎలాగో గట్టెక్కాయి. సొసైటీ పార్కింగులో మాత్రం పెట్టనివ్వలేదు. గ్రేటర్ నోయిడాలో తెలిసినవాళ్ళ ఖాళీ ప్లాటు అద్దెకి తీసుకుని అక్కడ ఉంచాడు. ట్రైలర్‌తో రివర్స్ చేయడం అక్కడే నేర్చుకున్నాం. స్టీరింగు కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. ఒకరు దిగి వెనక నిలబడి చెయ్యి ఊపుతూ ఉండాల్సిందే. ఆ చెయ్యి నాది. రెండో డ్రైవర్నీ నేనే. ఆఫీసులో సెలవు కూడా పెట్టేశాను.

అత్తయ్య ట్రైలర్‌ని ఫోనులో చూసింది. కమోడు పక్కన కడ్డీలు చూసి, "ఎంత బాగా పెట్టించావురా" అని స్క్రీనుని చేత్తో నిమిరింది.

శ్రీరామనవమి నాడు అందరం హాల్లో చేరాం. పానకం తాగాక బావ బాత్రూములోంచి బరువు చూసే మిషను తెచ్చి నేల మీద పెట్టాడు, ల్యాప్‌టాప్ తెరిచాడు. ఒక్కొక్కరమే ఎక్కాం. బావ 92. అక్క 74, అదీ రెండుసార్లు దిగి ఎక్కాక. కొడుకు 78. పాప 52. నేను 71. అత్తయ్య చేతికర్రతో సహా 58. మనుషులం 425. హుక్కు మీద 130. హుక్కు బిగించిన ఇనుము 27. ట్రైలర్ స్పేర్ టైరు, జాకీ, చక్రాల కింద పెట్టే దిమ్మలు, పనిముట్లు 53.

635 అని వచ్చింది. గడి ఎర్రబడింది.

"యాభై అయిదు ఎక్కువ" అన్నాడు బావ. పర్సులోంచి అట్టముక్క తీసి మళ్ళీ చూశాడు. అందులో అంకె మారలేదు.

"పచ్చడి జాడీలు తీసేద్దాం" అంది అక్క.

"ట్రైలర్లో పది కిలోలు తీస్తే హుక్కు మీద తగ్గేది ఒక్క కిలో. ఏసీ మొత్తం పీకేసినా నాలుగున్నరే. యాభై అయిదు తగ్గాలంటే ట్రైలర్లో 550 కిలోలు తీయాలి. అప్పుడు మిగిలేది రేకు డబ్బా."

"స్పేర్ టైరు?"

"శివపురి దాటాక పంక్చరయితే?"

ఇక తగ్గాల్సింది మనుషులేనని అందరికీ ఒకేసారి అర్థమైంది. ఒకరి ముఖాలు ఒకరం చూసుకోవడం మానేశాం.

బావ తగ్గడానికి లేదు, బండి ఆయనది. "నేను ఉండిపోతాలెండి. కానీ అత్తయ్యకి స్నానం చేయించేదెవరు, వండి పెట్టేదెవరు?" అంది అక్క. కొడుకు డ్రోన్ కెమెరా కొనేశాడు, ఓంకారేశ్వరం దీవిని పైనుంచి తీస్తానని స్నేహితులందరికీ చెప్పుకున్నాడు. పాప "నేను ఆగిపోతాను నానమ్మా" అని ముందుకొచ్చింది గానీ పాప 52 కిలోలే, ఇంకా మూడు కిలోలు తక్కువ పడతాయి. ఆ మాట పాపే గుర్తుచేసింది. అందరూ నా వైపు చూశారు. "రివర్స్ చేసేటప్పుడు వెనక ఎవరు నిలబడతారు?" అన్నాను. బావ కూడా అవునన్నాడు. ఆ తర్వాత నేను కళ్ళద్దాలు తుడుచుకునే పనిలో పడ్డాను.

కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఒరేయ్" అంది అత్తయ్య సోఫాలోంచి. "నా బరువెంత రాశావు?"

"యాభై ఎనిమిదమ్మా."

"అది కొట్టేసి చూడు."

బావ కొట్టేశాడు. గడి ఆకుపచ్చగా మారింది. ఆ క్షణంలో ఆయన ముఖం చూడాలి, పరీక్ష పాసైన పిల్లాడి సంబరం. "అమ్మా, సరిపోయింది! పైగా మూడు కిలోలు మిగిలింది కూడా!"

"మంచిది నాయనా" అంది అత్తయ్య. "ఆ మూడు కిలోలకీ నర్మద నీళ్ళు పట్టుకురా."