పచ్చ చుక్క ఉంటేనే ఫోన్ మోగుతుందట!

ఆఫీసుకు వేరే ఫోన్ దండగ, కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఉంది కదా అనే వాదన హైటెక్ సిటీ దాటి హనుమకొండ దాకా వచ్చింది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. చాటింగు, మీటింగు, ఫైళ్లు, సెలవు చీటీలు, పుట్టినరోజు శుభాకాంక్షలు అన్నీ ఒకే తెర మీద దొరుకుతున్నప్పుడు బల్ల మీద దుమ్ముపట్టే ఆ ఫోన్ ఎందుకట? పీకేయండి, 0870తో మొదలయ్యే పాత నంబరును సాఫ్ట్‌వేర్‌కు తగిలించండి, ఇక గుమాస్తా ఎక్కడుంటే ఆఫీసు అక్కడే. ఈ పథకంలో అందరికీ చోటుంది, యజమానికి, మేనేజరుకు, సాఫ్ట్‌వేర్ అమ్మినవాడికి, ఏటేటా దాన్ని రెన్యువల్ చేసేవాడికి. చోటు లేనిదల్లా ఫోన్ చేసేవాడికే. నర్సంపేట నుంచో పరకాల నుంచో ఫీజు గడువు ఎప్పుడని, స్కానింగ్ రిపోర్టు వచ్చిందా అని బటన్ ఫోన్ మీద అంకెలు నొక్కే మనిషి ఎవరికీ గుర్తు రాడు. ఆఫీసులో ఫోన్ పెట్టేది అతని కోసం. టీమ్స్ లాంటివి తయారైంది లోపల కూర్చుని జీతం తీసుకునేవాళ్ల కోసం. లోపలివాళ్ల సరుకును బయటివాడికి అంటగట్టి దానికి ఆధునికీకరణ అని పేరు పెడుతున్నారు.

ఈ సాఫ్ట్‌వేర్ పనికిరానిదని ఎవరూ అనడం లేదు. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరుచుకున్నాయి. అలాంటి కొలువుల్లో ఎవరైనా పొద్దంతా హెడ్‌సెట్ పెట్టుకుని టీమ్స్‌లోనే మాట్లాడుకుంటే అందులో తప్పుపట్టేదేమీ లేదు. అక్కడ రెండు చివర్లా లాప్‌టాప్ ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, లైన్ కలవకపోతే చూసుకోవడానికి ఐటీ విభాగం ఉంటుంది. ఫలానా టైముకు మాట్లాడదామని ముందే అనుకుని కూర్చుంటారు. నక్కలగుట్టలో ఆస్పత్రికి, సుబేదారిలో కాలేజీకి, చౌరస్తాలో ఫైనాన్స్ ఆఫీసుకు ఫోన్ చేసేవాడు చెప్పి చేయడు. అవసరం పడినప్పుడు చేస్తాడు. అతనికి అటు పక్క ఏ సాఫ్ట్‌వేర్ ఉందో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మడికొండలో చెల్లింది నక్కలగుట్టలో చెల్లదు.

ఫోన్ మొట్టమొదట చేయాల్సిన పని మోగడం. టీమ్స్‌లో ఆ పనికే షరతులున్నాయి. ప్రతి ఉద్యోగి బొమ్మ పక్కన ఒక చుక్క ఉంటుంది. ఖాళీగా ఉంటే పచ్చ, పనిలో ఉంటే ఎరుపు, సీట్లో లేకపోతే పసుపు. బయటి నుంచి వచ్చిన కాల్‌ను నలుగురిలో ఎవరికి పంపాలో చూసే ఏర్పాటును కాల్ క్యూ అంటారు. అందులో చుక్కను బట్టి పంపే పద్ధతి ఆన్ చేస్తే పచ్చ చుక్క ఉన్నవాళ్లకే మోగుతుంది. తీరా కీబోర్డు, మౌసు ముట్టకుండా ఐదు నిమిషాలు గడిస్తే ఆ చుక్క తనంతట తానే పసుపుకు తిరుగుతుంది. ఏదో ఒక కాలేజీ ఆఫీసు అనుకోండి. గుమాస్తా సీట్లోనే ఉన్నాడు. కౌంటర్ అవతల నిలబడ్డ తండ్రి కోసం అడ్మిషన్ రిజిస్టర్ తిరగేస్తున్నాడు, చలానా సరిచూసి ముద్ర వేస్తున్నాడు. చేతినిండా పనే, కానీ కాగితం మీది పని. కాబట్టి సాఫ్ట్‌వేర్ లెక్కలో అతను ఆఫీసులో లేడు. బయట లైన్లో ఉన్నవాడు సంగీతం వింటూ ఉంటాడు. అదే గుమాస్తా పని పక్కన పడేసి మౌసు తిప్పుతూ క్రికెట్ స్కోరు చూస్తుంటే మాత్రం పచ్చగా కళకళలాడతాడు. ఆ సెట్టింగ్ మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చుకోవచ్చు. ఎవరు మార్చాలి? ముగ్గురు పనిచేసే ఆఫీసులో అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే ఒక పని. బల్ల మీది ఫోన్‌కు ఈ సెట్టింగుల గొడవ లేదు. అది మోగితే ఆ గదిలో ఎవరికి వినపడితే వాళ్లు ఎత్తేవారు, అటెండరైనా సరే.

ఇక భరోసా సంగతి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు కట్టిన ఇంజినీర్లు పెట్టుకున్న ప్రమాణం 99.999 శాతం, అంటే ఏడాది మొత్తంలో ఐదు నిమిషాలకు కాస్త మించి ఆగకూడదు. క్లౌడ్ సేవల ఒప్పందాల్లో తరచుగా కనపడే హామీ 99.9 శాతం. కాగితం మీద తేడా లేనట్టే ఉంటుంది, గడియారంలో చూస్తే ఏడాదికి ఎనిమిది గంటల ముప్పావు. 2023 జనవరి 25న మన టైము ప్రకారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక మైక్రోసాఫ్ట్ సేవలు దేశదేశాల్లో పడకేశాయి. వాళ్ల నెట్‌వర్కులో ఒక రౌటర్ ఐపీ అడ్రస్ మార్చబోతే జరిగిన గల్లంతు అది. టీమ్స్, అవుట్‌లుక్ కొన్ని గంటలు మొరాయించాయి. చాటింగు ఆగితే ఉద్యోగులు టీ తాగి వస్తారు. ఆస్పత్రి నంబరు కూడా అందులోనే ఉంటే చాటింగుతో పాటు ఆ నంబరూ ఆగుతుంది. ఇంతకన్నా ఘాటైన ఉదాహరణ 2021 డిసెంబర్‌లో బయటపడింది. అమెరికాలో ఒక పిక్సెల్ ఫోన్ నుంచి అత్యవసర నంబరు 911 కలవలేదు. గూగుల్ ఆరా తీస్తే, టీమ్స్ యాప్ వేసుకుని లాగిన్ కాకుండా వదిలేసిన కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ యాప్‌కూ ఆండ్రాయిడ్‌కూ పొసగక ఈ చిక్కు వస్తోందని తేలింది. తర్వాత సరిచేశారు. ఫోన్ పని తానే చూసుకుంటానన్న యాప్, లాగిన్ కూడా కాకుండానే, ఉన్న ఫోన్ నోరు కట్టేయడం మాత్రం చరిత్రలో ఉండిపోయింది.

పోనీ, ఒకసారి పెట్టుకుంటే శాశ్వతంగా ఉంటుందా? మైక్రోసాఫ్ట్ ఇదే పనికి 2007లో ఆఫీస్ కమ్యూనికేషన్స్ సర్వర్ అంది, 2010లో లింక్ అంది, 2015లో స్కైప్ ఫర్ బిజినెస్ అంది, 2017లో టీమ్స్ అంది. స్కైప్ ఫర్ బిజినెస్ ఆన్‌లైన్‌ను 2021 జులై 31న మూసేసింది. మామూలు స్కైప్‌కు కూడా 2025 మేలో తాళం పడింది. పేరు మారిన ప్రతిసారీ ఒక ట్రైనింగు, ఒక కొత్త కొటేషను. షాపు బోర్డు మీద రాయించిన నంబరు మాత్రం పెయింట్ వెలిసినా పనిచేస్తూనే ఉంటుంది.

అన్నిటికన్నా బలంగా వినిపించేది ఖర్చు వాదన. నెట్ ఎలాగూ ఉంది, కాల్స్ ఉచితం అంటారు. లోపలి కాల్స్ ఉచితమే. బయటి నంబరు కావాలంటేనే కథ మొదలవుతుంది. మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతి వచ్చింది కానీ, నెట్ నుంచి దేశంలోని మామూలు ఫోన్‌కు కలపడానికి ఒప్పుకోలేదు. ఆ దారి 2018లో తెరిచారు, అదీ లైసెన్సున్న టెలికాం కంపెనీలకే. ఆ ఏడే బీఎస్ఎన్ఎల్ ఏడాదికి 1,099 రూపాయలతో వింగ్స్ యాప్ తెచ్చింది. జూమ్ కంపెనీ ఇక్కడ ఫోన్ నంబర్లు అమ్మాలనుకుని ముందు 2023లో టెలికాం లైసెన్సు తీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి టీమ్స్‌కు బయటి లోకంతో మాట కలవాలంటే టెలికాం కంపెనీ గడప తొక్కాల్సిందే. మీటింగుల లైసెన్సు కాక ఫోన్ లైసెన్సు వేరే, అది కలిసి రావాలంటే ఈ5 లాంటి ఖరీదైన ప్లాను తీసుకోవాలి. ఆపైన టెలికాం లైను, హెడ్‌సెట్లు, యూపీఎస్. ఇంతా చేశాక అసలు వినోదం ఒకటుంది. నెట్ దారిన టెలికాం ఛార్జీలు ఎగ్గొట్టకుండా చూసే మన నిబంధనల కోసం మైక్రోసాఫ్టే లొకేషన్ బేస్డ్ రూటింగ్ అనే ఏర్పాటు పెట్టింది. దాని కింద, ఆఫీసుగా గుర్తించిన నెట్‌వర్కు దాటిన ఉద్యోగి ఆఫీసు టెలికాం లైను మీదుగా బయటి కాల్ చేయలేడు, అందుకోలేడు. గుమాస్తా ఎక్కడుంటే ఆఫీసు అక్కడే అన్న ప్రకటన అలా ఆఫీసు మెట్ల మీదే ఆగిపోతుంది.

బీఎస్ఎన్ఎల్ తీగ ఫోన్ మాత్రం స్వర్గమా అని అడుగుతారు. కానే కాదు. కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపులు, వాన పడితే డెడ్ అయ్యే లైను, లైన్‌మ్యాన్ కోసం కాళ్లరిగేలా తిరగడం ఎవరూ మరిచిపోలేదు. ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి తీగ వెంటే 48 వోల్టుల కరెంటు వచ్చేది కాబట్టి ఊరంతా చీకటైనా అది మోగేదన్నదీ నిజమే, ఆ రోజులు పోయాయన్నదీ నిజమే. రాగి తీగే కావాలని ఎవరూ అడగడం లేదు. ఫైబర్ మీద నడిచే ఐపీ ఫోన్ పెట్టుకున్నా, సిమ్ వేసిన మామూలు మొబైల్ కౌంటర్ మీద పెట్టినా అది ఫోనే. దానికి మరో ఉద్యోగం లేదు, మీటింగులో ఉన్నానని సాకు చెప్పదు, అప్‌డేట్ కోసం మూసి తెరవమనదు. కాల్స్ రికార్డవుతాయి, లెక్కలొస్తాయి అనే మరో వాదన ఉంది. ఎత్తని కాల్స్ లెక్కను రంగుల గ్రాఫులో చూసుకోవడం ఎత్తడంతో సమానం కాదు. పైగా కాల్ రికార్డు ఇచ్చే పాత రకం ఎక్స్ఛేంజీ పెట్టెలు టీమ్స్ పుట్టకముందే ఉన్నాయి.

ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం నక్కలగుట్టలోనే ఉంది. కరెంటు పోతే జనం నొక్కాల్సిన నంబరు 1912. నాలుగు అంకెలు, లాగిన్ లేదు, యాప్ లేదు, ఏ ఫోన్ నుంచైనా నొక్కొచ్చు. ప్రజలతో పనిపడే ఏ ఆఫీసైనా పెట్టుకోవాల్సిన కొలమానం ఇదే, ఫోన్ చేసేవాడికి అంకెలు తప్ప ఇంకేమీ తెలియక్కర్లేని స్థితి. లోపల టీమ్స్ వాడండి, మీటింగులు పెట్టుకోండి, చుక్కలు లెక్కపెట్టుకోండి. బయటి నంబరును మాత్రం దానికి అప్పగించకండి. అప్పగించే ముందు యజమానులు ఒక పని చేయాలి. సోమవారం పొద్దున పదకొండింటికి రోడ్డు మీదికి వచ్చి, ఒక బటన్ ఫోన్ తీసుకుని మీ ఆఫీసు నంబరుకు మీరే చేయండి. మనిషి గొంతు వినపడితే సంతకం పెట్టండి, సంగీతం వినపడితే కొటేషన్ చింపేయండి.