నీలం బంగారం

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. నేను చేసినవాటికి గ్రాఫులూ, సెమినార్ స్లైడ్లూ కూడా ఉన్నాయి.

పీహెచ్‌డీలో నా పని వినడానికి ముచ్చటగా ఉండేది. బంగారు నానో కణాలను సిలికా జెల్‌లో బంధించి, కాంతి పడితే అవి ఏం చేస్తాయో చూడడం. అందులో సగం నిజంగానే తేలిక. లేత పసుపు రంగు క్లోరోఆరిక్ ఆమ్లాన్ని నీళ్లలో మరిగిస్తూ సోడియం సిట్రేట్ పోస్తే పసుపు విరిగిపోతుంది. కాసేపు ఏ రంగూ ఉండదు. తర్వాత నీలంగా మసకబారి, ఊదాకు తిరిగి, చివరికి కెంపు రంగు దగ్గర నిలుస్తుంది. 1951లో టర్కెవిచ్ బృందం వివరంగా రాసిన పద్ధతి. కణాలు ఇరవై నానోమీటర్ల లోపే. వాటి ఎలక్ట్రాన్లు కాంతితో పాటు ఊగుతూ 520 నానోమీటర్ల దగ్గరి పచ్చని వెలుగును మింగేస్తాయి కాబట్టి మనకు ఎరుపు మిగులుతుంది.

మిగతా సగం జెల్. టీఈఓఎస్ అనే ద్రవానికి ఆల్కహాల్, నీళ్లు, కాస్త ఆమ్లం చేరిస్తే సిలికా అల్లుకుంటూ పోయి అంతా గడ్డకడుతుంది. ఆల్కహాల్ ఎందుకులే అని నేరుగా పోశాను. చారు మీద తాలింపు నూనెలా తేలింది. అది కొత్తవాళ్లందరూ చేసేదేనట, కాబట్టి లెక్కలోకి రాదు.

ఆల్కహాలూ ఆమ్లమూ సరిగ్గా పడ్డ రోజున కెంపు రంగు కళ్లముందే ఊదా అయింది, ఊదా నీలమైంది, ఆ నీలం అలాగే గడ్డకట్టింది. బుద్ధున్నవాడు ఎందుకిలా అయిందని అడుగుతాడు. నేను నోట్‌బుక్‌లో దానికి ‘నీలి స్వర్ణ జెల్’ అని పేరు పెట్టి, కింద రెండు గీతలు గీసి, పేటెంట్‌కు ఫీజెంతో వాకబు చేశాను.

గ్రూప్ మీటింగ్‌లో మొదటి స్లైడ్ ఫారడేది. 1857లో ఆయన బంగారానికీ కాంతికీ ఉన్న సంబంధం మీద రాసిన పేపరు, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఎర్రగానే ఉన్న ఆయన బంగారు ద్రావణం సీసా. సార్ అడిగారు, “పేపరు చదివావా?”

“చూశాను సార్.”

“ఉప్పు గురించి ఏం రాశాడు?”

నేను ప్రొజెక్టర్ వైపు చూశాను. సీనియర్ అక్క లేచి వెళ్లి నా ఎర్ర ద్రావణాన్నే టెస్ట్‌ట్యూబ్‌లో పోసుకొచ్చి, కాసిన్ని ఉప్పునీళ్లు కలిపి ఊపింది. నా పేటెంట్ ఆ ట్యూబులో ప్రత్యక్షమైంది. సిట్రేట్ వల్ల కణాల మీద రుణావేశం ఉండి, ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఉప్పు గానీ ఆమ్లం గానీ ఆ నెట్టుడును నీరుగార్చేస్తే గుంపు కడతాయి. గుంపులో పక్కపక్క కణాల ఊగిసలాట కలిసిపోయి, మింగే వెలుగు 600 నానోమీటర్లు దాటుతుంది. అప్పుడు మిగిలేది నీలం. ఉప్పు తగిలితే ఎరుపు నీలమవుతుందని ఫారడే ఆ పేపర్లోనే రాశాడు. నేను మాత్రం సీసా ఫొటో దగ్గరే ఆగిపోయాను.

పీవీపీ అనే పాలిమర్‌ను కణాలకు ముందే పట్టించాక ఎరుపు నిలబడింది. ఇక ఆరబెట్టడం. తొందరలో మూత తీసేస్తే జెల్ ముక్కలైంది. రంధ్రాల్లోని ద్రవం ఆవిరవుతూ గోడల్ని లోపలికి లాగుతుంది మరి. పారాఫిల్మ్‌కు సూదితో బెజ్జాలు పెట్టి నెమ్మదిగా ఆరబెడితే ముక్కలవలేదు గానీ, రోజురోజుకీ ఎరుపు ముదిరింది. లోపల ఇంకా బంగారం పుడుతోందని నమ్మి, అదెలా పుడుతుందో బాణం గుర్తులతో పేజీడు రాశాను.

అక్క చదివి, “స్కేలు తీసుకురా తమ్ముడూ” అంది. జెల్ అన్ని వైపులా సగానికి కుంచించుకుపోయింది. అంటే ఘనపరిమాణం ఎనిమిదో వంతు, బంగారం చిక్కదనం ఎనిమిది రెట్లు, వెలుగు దాటే దూరం సగం. శోషణ నాలుగు రెట్లు పెరగాలి. నా గ్రాఫులోనూ దాదాపు అంతే ఉంది. ఇంటర్‌లో మార్కులు తెచ్చిపెట్టిన లెక్క అది.

ఇవన్నీ ఒక ఎత్తు, చివరిది ఒక ఎత్తు. తడి జెల్‌లో శోషణ శిఖరం 520 దగ్గర కాకుండా ఎరుపు వైపు కొన్ని నానోమీటర్లు జరిగి కనిపించేది. నీటి వక్రీభవన గుణకం 1.33, సిలికాది 1.46 చిల్లర, కణాల చుట్టూ నీటికి బదులు ఆల్కహాలూ సిలికా చేరితే శిఖరం జరగడమే న్యాయం. నేను చేసిన పనంతటిలో చెప్పుకోదగ్గ ఫలితం అదొక్కటే. నేను దాన్ని మిషన్ లోపమని తేల్చి, గ్రాఫును వెనక్కి 520కి జరిపి, స్పెక్ట్రోమీటర్ చూసే పెద్దాయన మీద ఫిర్యాదు రాశాను. ఆయన ఒక్క మాటా అనకుండా, మిషన్‌ను సరిచూసే హోల్మియం ఫిల్టర్ పెట్టి నా ముందే స్కాన్ తీశాడు. శిఖరాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రింటు తీసి నా ఫిర్యాదుకు పిన్ను కొట్టి సార్ టేబుల్ మీద పెట్టాడు. ఆ సెమిస్టరంతా స్లాట్ రిజిస్టర్‌లో నాకు శనివారం సాయంత్రాలే పడ్డాయి.