కొండెక్కిన బర్కత్‌పుర

2021 జూలైలో ఒక ఆదివారం తెల్లారకట్ల ఐదింటికి మా పై ఫ్లాటు బాబాయిగారు పగ తీర్చుకోవడానికి బయల్దేరారు. చేతిలో వేటకొడవలి లేదు, పులిహోర డబ్బా ఉంది. వెనకాల పిన్నిగారు, ఇద్దరు కొడుకులు, ఒక కోడలు, నాలుగు మడతకుర్చీలు, ఒక స్పీకరు.

"ఎవరి మీద బాబాయిగారూ పగ?" అని బాల్కనీలోంచి అడిగాను.

"ఎవరి మీదో నాకూ తెలీదు నాయనా. రివెంజ్ టూరిజం అని రోజూ పేపర్లో రాస్తున్నారుగా. ఊరంతా తీర్చుకుంటుంటే మనం ఒక్కళ్ళం చేతులు ముడుచుకు కూర్చుంటే ఏం బాగుంటుంది?" అన్నారాయన.

నిజమే. మనది పగకు అలవాటుపడిన ప్రాణం. వారానికొక పగ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో తెర మీద చూసి, ఇంటర్వెల్‌లో సమోసా తిని, చల్లబడి ఇంటికొచ్చేవాళ్ళం. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జూలై నెలాఖరు దాకా ఆ తెరే లేదు. మరి అంత పగ ఎక్కడికి పోవాలి? అనంతగిరి కొండకు పోయింది.

ఇల్లు కదలనివ్వని రోజుల మీద పగతో ఊళ్ళు తిరిగే ఈ రివెంజ్ టూరిజానికో పూర్వకథ ఉంది. కరోనా దెబ్బకు 2020 మార్చి 23 నుంచి మన దేశానికి షెడ్యూల్డ్ అంతర్జాతీయ విమానాలు బందయ్యాయి. తర్వాత 'ఎయిర్ బబుల్' అని పేరు పెట్టి కొన్ని దేశాలకు నడిపారు గాని, 2021 ఏప్రిల్‌లో సెకండ్ వేవ్ తగలగానే ఆ బుడగల్లో చాలా మటుకు టప్పున పగిలాయి. దుబాయ్ తలుపేసింది. బ్రిటన్ మనల్ని ఎర్రజాబితాలో పెట్టింది. కెనడా మన విమానాల నీడ కూడా పడొద్దంది. సినిమా తారలు నీలం నీళ్ళలో తేలుతూ ఫొటోలు దిగడం పూర్తయ్యాక, మే నెలలో మాల్దీవులు కూడా మనకు వీసాలు ఆపేశాయి. మే 4 నుంచి అమెరికాకూ దారి మూసుకుపోయింది. దాంతో మా బర్కత్‌పుర విదేశీ పర్యాటకం మొత్తం కుప్పకూలింది. మా పేటలో విదేశీ పర్యాటకమంటే డాలస్‌లో అమ్మాయి పురుడు. మా వీధిలో మూడిళ్ళలో ఆవకాయ, కారప్పొడి, పసిబిడ్డకు పాత మెత్తటి చీరలు, అన్నీ తూకం వేసి సర్దిన సూట్‌కేసులు అట్లాగే మంచాల కింద ఉండిపోయాయి. ఆవకాయ మాత్రం మధ్యలో తీసి తినేశారని వినికిడి.

ఇక టీకా సంగతి. మన జీనోమ్ వ్యాలీలో, శామీర్‌పేట అవతల, మన కళ్ళ ముందే తయారైన కొవాగ్జిన్ రెండు డోసులు వేయించుకున్నవాడు ఇక్కడ ఛాతీ విరుచుకుని తిరిగేవాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికింకా ముద్ర వేయలేదు కనక బయట చాలా దేశాల్లో వాడు టీకా వేసుకోనివాడే. నారాయణగూడ ఐపీఎంలో ఎల్లో ఫీవర్ సూది పొడిపించుకుంటే ఆఫ్రికా దాకా వెళ్ళొచ్చు. సొంతూరి టీకాతో అప్పుడు చేవెళ్ళ దాకానే.

సరే, చేవెళ్ళ దాటితే వికారాబాద్, వికారాబాద్ దాటితే అనంతగిరి. జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేశారో లేదో, వేసవి సెలవులు ఏకంగా వానాకాలంలో మొదలయ్యాయి.

అయితే చేవెళ్ళ అవతలికి వెళ్ళొచ్చామని స్టేటస్ పెట్టడం నామోషీ. అందుకు మనవాళ్ళ దగ్గర మందు ముందునుంచే ఉంది: నామకరణం. అరకు ఆంధ్రా ఊటీ, లంబసింగి ఆంధ్రా కశ్మీర్. ఇవి పాతవి, స్వదేశీ పోలికలు, పోనీ అనుకోవచ్చు. గండికోట ఇండియన్ గ్రాండ్ కాన్యన్. బొగత తెలంగాణ నయాగరా. ములుగు జిల్లా వాజేడు దగ్గర చీకుపల్లి వాగు పాపం ఎన్ని తరాలుగానో తన మానాన తాను దూకుతోంది. చీకుపల్లి వాగు చూడ్డానికి పోతున్నానంటే ఆఫీసులో సెలవివ్వరు, నయాగరా అంటే ఇస్తారు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఇవన్నీ బిట్లుగా బట్టీ పడుతున్నారు. నోటిఫికేషన్ అప్పటికింకా రాలేదు, బిట్లు మాత్రం ఏటా పెరుగుతున్నాయి. అసలు నయాగరాని చీకుపల్లి వాగుతో పోల్చి అమెరికా బొగత అని పేరు పెట్టిన అమెరికావాడు ఒక్కడైనా ఉంటే చూడాలని నాకో కోరిక.

బాబాయిగారి పగను చూసి నవ్వానా, మరుసటి ఆదివారం నేనే దొరికిపోయాను. మా ఆవిడ ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టింది. "చూడుండ్రి. పై ఫ్లాటోళ్ళు మబ్బుల మీద కూసున్నరు. మనమేమో పాలాయన కోసం కూసున్నం."

ఫొటోలో బాబాయిగారు మడతకుర్చీలో ఉన్నారు. చుట్టూ తెల్లటి పొగమంచు. మనిషన్నవాడు లేడు. ఈ రెండో సంగతే నన్ను ముంచింది.

బామ్మర్ది కారు తెచ్చాడు. మెహదీపట్నం, అప్పా జంక్షన్, మొయినాబాద్. అక్కణ్ణుంచి రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లు, ఊడలు దిగి, కొమ్మలు పైన కలుసుకుని, పందిరి వేసినట్టు. ఈ రోడ్డు వెడల్పు చేయడానికి వందల మర్రిచెట్లను కొట్టాల్సి వస్తుందని అప్పుడు అనేవారు. కొట్టొద్దని కొందరు పోరాడుతుండేవారు. చెట్లు చూడ్డానికి కొండకు పోయేవాళ్ళం తొందరగా పోవాలంటే దారిలో చెట్లు ఉండకూడదు మరి. ఆ మర్రినీడలో కాసేపు ఆగుదామన్నాను. "ఇక్కడ ఏముంది బావా, చెట్లేగా" అని బామ్మర్ది గేరు మార్చాడు.

వికారాబాద్ ఊళ్ళో మా ఆవిడ మేనమామ ఇల్లు ఉంది. ఇరవయ్యేళ్ళుగా ఆయన రమ్మంటూనే ఉన్నాడు. వికారాబాద్‌లో చూడ్డానికి ఏముందని మేమూ ఇరవయ్యేళ్ళుగా వాయిదా వేస్తూనే ఉన్నాం. ఆ రోజు ఆయన గుమ్మం ముందే ముప్పావుగంట నిలబడ్డాం. అంటే కారు నిలబడింది. దిగితే వెనక బండివాడు ముందుకు దూరతాడని దిగలేదు.

ఘాట్ మొదలైన దగ్గర ఒకాయన మక్కబుట్టలు కాలుస్తున్నాడు. బొగ్గుల మీద విసనకర్ర ఊపుతూ, రెండో చేత్తో ఉప్పూకారం అద్దిన నిమ్మచెక్కతో గింజల మీద రుద్దుతూ, ఆగిన ప్రతి కారునీ ఒక్క చూపుతో తూకం వేస్తున్నాడు.

"ఎంత?"

"నలభై."

"చిక్కడపల్లిలో ఇరవయ్యే."

"గక్కడనే తినరాదు సారూ, గింత దూరం ఎందుకొస్తిరి?" అన్నాడు, విసనకర్ర ఆపకుండానే. నా కాలమ్ చదివేవాడిలా ఉన్నాడు. మూడు కొన్నాను.

కారు రెండు కిలోమీటర్ల కిందే వదిలేసి నడిచాం. వ్యూ పాయింట్ దగ్గర రాళ్ళ మీద దస్తీలు పరిచి ఉన్నాయి. తెల్లవి, గళ్ళవి, ఒకటి పింక్ టర్కీ తువ్వాలు. మన సిటీ బస్సులో కిటికీలోంచి దస్తీ పడేసి సీటు ఆపే విద్య ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. ఒక రాయి మీద కూర్చోబోతే పక్కనుంచి "అంకుల్, మనుషులున్నరు" అని వినబడింది. మనుషులు లేరు, దస్తీ ఉంది. వాళ్ళు కిందెక్కడో ట్రాఫిక్‌లో ఉన్నారు.

అంచున ఫొటోకి లైను కట్టారు. అప్పుడు అర్థమైంది బాబాయిగారి ఏకాంత రహస్యం. లైను అంతా పొగమంచులో కలిసిపోయేలా ఒక కోణం ఉంది. అక్కడ కుర్చీ వేస్తే ఫొటోలో మీరూ మబ్బూ తప్ప ఎవరూ పడరు. మీ వెనకాల రెండొందల మంది "తొందరగా కానీయండి" అంటుంటారు. ఫొటోలో శబ్దం పడదు కదా.

ఆ లైనులోనే ముందు మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, ఆయన ముందు మూడో అంతస్తు పీఎఫ్ ఆఫీసాయన, వెనకాల కింది ఫ్లాటు టీచరమ్మగారు, అల్లంత దూరాన మా వీధి ఇస్త్రీ బండి కుర్రాడు సకుటుంబంగా. బాబాయిగారు సరేసరి, ఆయన పగ ఒక్క ఆదివారంతో చల్లారలేదట, మళ్ళీ వచ్చారు. లిఫ్టు మరమ్మతు తీర్మానం కోరం లేక ఏడాదిగా పడి ఉంది. జూమ్‌లో పెడితే అందరూ కెమెరా కట్టేసి నిద్రపోయేవారు. కార్యదర్శి చుట్టూ చూసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "పన్నెండు ఫ్లాట్లకు తొమ్మిది. కోరం ఉంది" అని ప్రకటించాడు. సముద్రమట్టానికి అంత ఎత్తున, మబ్బుల మధ్య, లిఫ్టుకు తలా మూడువేలు చొప్పున తీర్మానం నెగ్గింది. కింది ఫ్లాటు టీచరమ్మగారు యథావిధిగా అభ్యంతరం నమోదు చేశారు: కింది ఫ్లాటుకు లిఫ్టెందుకని.

ఈ కొండ మీద నిజాం కాలం నుంచీ క్షయ ఆస్పత్రి ఉంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళను ఈ గాలి కోసం ఇక్కడికి పంపేవారు. ఆ ఏడాది ఊపిరి విలువ మనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మే నెలలో సిలిండరు కోసం తెల్లవార్లూ ఫోన్లు చేసినవాళ్ళు ఆ లైనులో చాలామందే ఉండి ఉంటారు. నేనూ చేశాను. అందుకే మనుషులు కొండెక్కి రొమ్ము నిండా గాలి పీల్చుకుంటుంటే నవ్వబుద్ధి కాలేదు. అయితే పీల్చుకోవడానికి మాస్కులు దించేశారు, మీటరు దూరంలో ఇంకొకాయన గాలి వదులుతున్నాడు. బామ్మర్ది జేబులోంచి ఆక్సీమీటరు తీసి వేలికి తగిలించుకున్నాడు. 98. "బర్కత్‌పురలోనూ ఇంతే కద బావా. వంద దాటిన పెట్రోలు దండగ."

మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. చాదర్‌ఘాట్ వంతెన మీద అద్దాలెక్కించి, ముక్కు మూసుకుని దాటేస్తామే, ఆ తల్లే. ఇక్కడ సన్నగా, తేటగా, రాళ్ళ మధ్య పారుతోంది. ఒక పిల్లాడు చిప్స్ ప్యాకెట్టు ఖాళీ చేసి నీళ్ళవైపు చూసి, తండ్రివైపు చూశాడు. "పడెయ్ రా" అన్నాడు తండ్రి, "ఎట్లయినా మనింటి దిక్కే వస్తది." మధ్యలో గండిపేటలో చిక్కుకోకపోతే ఆయన మాట తప్పు కాదు. భూగోళం అంత బాగా తెలిసిన తండ్రిని ఈ మధ్య చూడలేదు.

కొండ మీద ఈ గుంపు మన ఒక్కరి ఘనతే అనుకోకండి. ఉత్తరాన మనాలీలో మనుషుల మధ్య కొండ కనబడలేదు. ముస్సోరీ దగ్గర కెంప్టీ జలపాతంలో జనం పప్పులో పోపుగింజల్లా కిక్కిరిసిన వీడియో చూసి అధికారులు లెక్క పెట్టారు: ఒక్కసారికి 50 మంది, అరగంట, తర్వాత సైరన్. కొండల్లో ఈ గుంపులేమిటని జూలై 13న ప్రధానమంత్రే కంగారుపడ్డారు. ఆ సైరన్ పద్ధతి నాకు నచ్చింది. మా మున్సిపల్ కుళాయి దగ్గర వెనకటికి అదే ఉండేది, సైరన్ బదులు మా బామ్మ ఉండేది.

తర్వాత ఆగస్టు 1న, అదీ ఆదివారమే, నాగార్జునసాగర్ గేట్లెత్తారు. జూలై అంతా ఈ నీళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలూ డ్యాము మీద చెరోవైపు పోలీసులను పెట్టుకున్నాయి. తీరా గేట్లెత్తాక హైదరాబాద్ నుంచి 150 కిలోమీటర్లు కార్లు బారులు తీరి, నీళ్ళ సంగతి తర్వాత, ముందు చేపల వేపుడు మాదని తేల్చేశాయి. నేను పోలేదు. 26 గేట్లున్న డ్యాములో నీళ్ళకు దారి దొరుకుతుంది, కార్లకు ఒకటే రోడ్డు.

ఆ ఆదివారం మా పేట చూడాల్సింది. బర్కత్‌పుర చమన్ దగ్గర ఆటో లేదు, హారన్ లేదు. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద ఒక కుక్క రోడ్డుకు నడిమధ్య కాళ్ళు చాపి పడుకుంది. బాల్కనీలో నిలబడితే వేపచెట్టు మీద ఏదో పిట్ట అరుస్తోంది. దాని పేరు తెలీదు. ఇన్నాళ్ళూ అరుస్తూనే ఉందేమో.

పదింటికి వికారాబాద్ మేనమామ ఫోన్. "బిడ్డా, మీ ఇంటికొస్తున్నం. ఐతారమొస్తే మా ఊర్ల కాలు వెట్ట జాగ లేదు. మొన్న పాలప్యాకెట్‌కు పోయిన మీ అత్త గంటన్నరకు ఇల్లు జేరింది. మీరు గూడ మా ఇంటి ముంగట్నే ఆగిండ్రట గద, మీ బామ్మర్ది హారన్ నేను గుర్తుపట్టిన."

నేను ఫోన్ మా ఆవిడకిచ్చేశాను.

మధ్యాహ్నానికి దిగారు, ఎనిమిదిమంది, గిన్నెలతో సహా. కేబుల్ బ్రిడ్జి చూపిస్తానన్నాను. అక్కడ సెల్ఫీల కోసం జనం ఎగబడతారని తెలుసట, వద్దన్నారు. భోజనాలయ్యాక నడుచుకుంటూ మెల్కోటే పార్కు దాకా వెళ్ళాం. చెట్లకింద బెంచీలన్నీ ఖాళీ. మామయ్య ఒకసారి అటూ ఇటూ చూశాడు. "ఎంత సల్లగున్నది బిడ్డా. మీకేంది, రోజూ ఇండ్లనే ఉంటరు" అని, మిగతావాళ్ళు ఇంకా గేటు దగ్గరే ఉండగానే, భుజం మీది దస్తీ తీసి పక్క బెంచీ మీద పరిచాడు.