బ్రేకులు వదిలేసి ఇంజను పీకుతారా!

మా రోజుల్లో పాత కారు బాగుచెయ్యడమంటే చెడిపోయినదాన్ని బాగుచెయ్యడం. ఇప్పుడు నిక్షేపంలాంటి ఇంజన్ని పీకి అవతల పారేసి, కంప్యూటరుతో నడిచే కొత్తదాన్ని కూర్చోబెట్టి, పైన పాత రేకు మాత్రం తళతళలాడించి, "క్లాసిక్ కారు రెస్టోర్ చేశాం" అంటున్నారు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఏ గ్యారేజీలో తొంగిచూసినా ఇదే వరస. వాళ్ల కారు, వాళ్ల డబ్బు, కాదనడానికి నేనెవర్ని? కానీ ఉద్యోగం చేసినన్నాళ్లూ బ్రేకుల మీదే చేసినవాణ్ణి. చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు.

మా మేనల్లుడు ఈమధ్య 1966 పాంటియాక్ జీటీఓ కొన్నాడు. బుద్ధిమంతుడు, చేతిలో పనున్నవాడు. కొన్న వారం తిరక్కుండానే వచ్చి, "మామయ్యా, దీనికి ఎల్ఎస్3 ఇంజను వేసేద్దాం. 430 హార్స్‌పవర్, మొత్తం అల్యూమినియం. పెట్టెలో పెట్టి ఇంటికే పంపిస్తారు" అన్నాడు. మరి బ్రేకుల సంగతేంట్రా అంటే, "అవి తర్వాత చూసుకోవచ్చులే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

అసలా కారు ఎలా పుట్టిందో ఈ పిల్లలకి తెలియాలి. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో అప్పట్లో ఓ కట్టుబాటు. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన దగ్గర పనిచేసే బిల్ కాలిన్స్, రసెల్ జీ కలిసి పెద్ద కార్లలో వాడే 389 ఇంజన్ని తీసుకొచ్చి చిన్నదైన టెంపెస్ట్ లెమాన్స్‌లో దించారు. కొత్త మోడలంటే పైవాళ్లు ఒప్పుకోరని, 1964 మోడలు కార్లకి దాన్ని ఆప్షన్ కింద రాసి బయటికి పంపారు. 1966లో 96,946 జీటీఓలు అమ్ముడుపోయాయి. మళ్లీ ఏ ఏడాదీ అన్ని అమ్ముడుపోలేదు. ఆ ఇంజను కోసమే పుట్టిన కారది. ఇంజను తీసేస్తే మిగిలేది టెంపెస్టే. పైగా ఎల్ఎస్ అంటే 1997 కార్వెట్‌తో మొదలైన షెవ్రొలే సంతానం. పాంటియాక్ వాళ్లు 1955 నుంచీ తమ వీ8 తామే తయారుచేసుకున్నారు. ఆ పేరే 2010లో కనుమరుగైపోయింది. ఫ్యాక్టరీలో పోతపోసిన 389లు ఇవాళ ఎన్ని మిగిలితే అన్నే.

నేను అమెరికా వచ్చేటప్పటికే ఆ కార్ల జోరు తగ్గుముఖం పట్టింది. 1970లో గాలి కాలుష్యం మీద గట్టి చట్టం వచ్చింది. కుర్రాళ్లు పెద్ద ఇంజను కారు కొంటే ఇన్సూరెన్సు మోత మోగిపోయేది. ఇక 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాక బంకుల ముందు కార్ల బారులే బారులు. అప్పటిదాకా కళ్లకద్దుకున్న కార్లని జనం వచ్చినకాడికి వదిలించుకున్నారు. జేబులో నాలుగు డాలర్లున్న విద్యార్థులం మేం కొనుక్కున్నాం.

గ్యారేజీ ఎక్కడిది మాకు? అపార్ట్‌మెంటు వెనక, మిషిగన్ చలిలో, టార్చిలైటు నోట కరుచుకుని పని. అయినా ఆ ఇంజను మాకు అర్థమయ్యేది. డెల్కో డిస్ట్రిబ్యూటర్ మూత పక్కన చిన్న రేకు కిటికీ ఉంటుంది. పాయింట్లు సరిచెయ్యాలంటే దాన్ని పైకెత్తి, ఇంజను నడుస్తుండగానే అలెన్ కీ లోపలికి దూర్చి, డ్వెల్ మీటరు ముల్లు 30 డిగ్రీల దగ్గర నిలిచేదాకా తిప్పాలి. మీటరు లేనివాడు చెవినే నమ్ముకునేవాడు. ఇంజను తడబడేదాకా బిగించి, అక్కణ్ణించి అర చుట్టు వెనక్కి తిప్పితే పాయింట్లు సరిగ్గా కూర్చునేవి. బెజవాడలో లారీ షెడ్డు మేస్త్రీ స్క్రూడ్రైవరు పిడి చెవికానించుకుని ఏ బేరింగు పోయిందో చెప్పడం చిన్నప్పుడు చూసినవాణ్ణి కాబట్టి నాకది కొత్తనిపించలేదు. ఇప్పటి పిల్లలు ల్యాప్‌టాప్ తగిలించి, అదేం చెబితే అది చేస్తారు. అది ఏమీ చెప్పకపోతే చేతులెత్తేస్తారు.

ఇక బ్రేకులు. 1966 జీటీఓకి నాలుగు చక్రాలకీ 9.5 అంగుళాల డ్రమ్ములే. ముందు చక్రాలకి డిస్కులు కావాలని అడిగి వేయించుకునే వీలు మరుసటేడాది గానీ రాలేదు. 335 హార్స్‌పవర్, దాదాపు 1,600 కిలోల బరువు. గంటకి 70 మైళ్ల మీద ఒకసారి గట్టిగా తొక్కితే ఆగుతుంది. వెంటనే రెండోసారి తొక్కండి, తెలుస్తుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనింగుకి దూరం జరుగుతుంది, పెడలు కిందికి దిగిపోతూ ఉంటుంది, కాలిన లైనింగు కమురు ముక్కుకి తగులుతుంది. పైగా డ్రమ్ములో షూ తన ఊపుకి తానే ఇంకా బిగుసుకునే రకం కాబట్టి, ఒక పక్క లైనింగు తడిస్తే చాలు, కారు రెండో పక్కకి లాగేస్తుంది.

అంతకంటే ఘోరం మాస్టర్ సిలిండరు. ఆ ఏడాది దాకా అందులో గది ఒక్కటే. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలకీ ఒకేసారి బ్రేకు పోతుంది. ముందుకొకటి, వెనక్కొకటి రెండు గదుల సిలిండరు 1967లో వచ్చింది. గుద్దుకున్నప్పుడు ముడుచుకుపోయే స్టీరింగు కడ్డీ వచ్చిందీ అప్పుడే. మావాడి కారులో ఉన్నది గుండెల మీదికి తిన్నగా వచ్చే ఉక్కు కడ్డీ, నడుముకి మాత్రమే కట్టుకునే బెల్టు. ఇలాంటి బండికి ఇంకో వంద గుర్రాలు కడతానంటాడా!

కొత్త సామాను వద్దని నేనెప్పుడూ అనలేదు. ముందు చక్రాలకి డిస్కులు వెయ్యండి, రెండు గదుల సిలిండరు వెయ్యండి, మూడు చోట్ల పట్టే బెల్టు పెట్టండి, రేడియల్ టైర్లు వెయ్యండి. పాయింట్ల స్థానంలో డిస్ట్రిబ్యూటర్ లోపలే ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ ముక్క పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, బయటికి కనపడదు. కానీ డబ్బాలో వచ్చిన కిట్టు బోల్టులు బిగించేస్తే పని అయిపోయిందనుకోవడం దగ్గరే నా పేచీ. బూస్టరు లేని పెడలుకి దాదాపు ఆరింతల లీవరు బలం ఉంటుంది, బూస్టరున్నదానికి నాలుగింతలు చాలు. బూస్టరు తగిలించి పెడలు పాత రంధ్రానికే ఉంచితే బ్రేకు ముట్టుకోగానే పట్టేస్తుంది. బూస్టరుకి ఇంజన్నుంచి 18 అంగుళాల వాక్యూమ్ కావాలి. షోకు కోసం ఘాటైన క్యామ్ వేస్తే ఐడిలింగులో 10 కూడా రాదు. అప్పుడు సిగ్నల్ దగ్గర పెడలు రాయిలా బిగుసుకుపోతుంది. డిస్కులు ముందు, డ్రమ్ములు వెనక అన్నప్పుడు మధ్యలో ప్రపోర్షనింగ్ వాల్వు సరిచెయ్యకపోతే వెనక చక్రాలు ముందు లాకై, బండి తిరిగిపోతుంది. ఇవేవీ డబ్బా మీద రాసి ఉండవు. బ్రేకు రబ్బరు గొట్టాల సంగతి మరీనూ. పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి. లోపల రబ్బరు ఉబ్బిపోయి, నూనె వెళ్లడమే గానీ తిరిగి రాదు. కాలు తీసినా బ్రేకు వదలదు.

పాత ఇంజనుకీ ఈ కాలంలో కష్టాలున్నాయి, ఒప్పుకుంటాను. 389 కంప్రెషను 10.75. సీసం కలిపిన పెట్రోలు మీద నడవాలని చేసినది. రోడ్డు మీది బండ్లకి సీసం పెట్రోలు 1996 నుంచి పూర్తిగా నిషేధం. ఇప్పటి పెట్రోల్లో 10 శాతం ఇథనాలు, అది పాత గొట్టాల్ని తినేస్తుంది. ఇప్పటి ఇంజనాయిల్లో జింకు తగ్గించారు, దాంతో పాతకాలపు క్యామ్ ముక్కులు అరిగిపోతాయి. అయితే ఏం? వాల్వు సీట్లు గట్టివి వేయించాలి. ఇథనాలుకి తట్టుకునే గొట్టాలు మార్చాలి. జింకు ఎక్కువున్న ఆయిలు పొయ్యాలి. టైమింగు ఒకట్రెండు డిగ్రీలు వెనక్కి జరపాలి. ఒక్కోదానికి ఒక్కో మందుంది. మందుండగా అవయవాన్నే కోసేస్తారా?

వుడ్‌వర్డ్ ఎవెన్యూలో ఏటా ఆగస్టులో డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి చందా పోగుచెయ్యడానికి 1995లో మొదలుపెట్టారు. ఇప్పుడక్కడ బానెట్ ఎత్తిన ప్రతి రెండో కారులోనూ ఒకటే ఇంజను, ఒకటే నల్ల ప్లాస్టిక్ మూత. మా రోజుల్లో శబ్దం విని ఇది పాంటియాక్, అది ఫోర్డ్, అదుగో హెమీ అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం.

మావాడు ప్రస్తుతానికి దిగొచ్చాడు. మాస్టర్ సిలిండరు, ఉక్కు గొట్టాలు, డిస్కులు అయ్యాకే ఇంజను మాట. అప్పటికీ ఎల్ఎసే కావాలంటే నేనడిగేవి కొన్నున్నాయి. ఫైర్‌వాల్ కొయ్యొద్దు. ఫ్రేముకి వెల్డింగు పెట్టొద్దు, బోల్టులతో బిగించే మౌంట్లు దొరుకుతాయి. తీసిన 389ని ఇనప్పాత వాడికి అమ్మొద్దు. స్టాండుకెక్కించి, ఒక్కో సిలిండరులో కాస్త ఆయిలు పోసి, ప్లగ్గులు బిగించి, కార్బొరేటరు రంధ్రం మీద రేకు మూత వేసి, అది ఏ కారుదో నంబరు చీటీ కట్టి, గ్యారేజీలో ఓ మూల ఉంచాలి. కావాలంటే మా గ్యారేజీలో చోటుంది.