సెల్ఫ్ ఇంట్రడక్షన్ వచ్చు, పాఠం రాదు

ఇప్పటి డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు కోసం ఎన్ని ఏర్పాట్లో! ల్యాంగ్వేజ్ ల్యాబంట, చెవులకు హెడ్‌ఫోన్లంట, జవహర్ నాలెడ్జ్ సెంటరంట, స్కిల్ డెవలప్‌మెంటు ట్రైనర్లంట. 2015-16లో సీబీసీఎస్ అని చాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్ వచ్చినప్పుడు కమ్యూనికేషన్, సాఫ్ట్ స్కిల్స్ అని పేపర్లే పెట్టారు. ఇన్ని ఉండీ, మా వీధిలో బీకాం చదివే పిల్లోణ్ణి ఆపి "ఏమప్పా, నీ పుస్తకంలో ఈ పేరా చదివి నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అంటే నేల చూపులు చూస్తాడు. "నీ గురించి చెప్పు" అంటే మాత్రం నిటారుగా నిలబడి, గొంతు సవరించుకొని, 'మైసెల్ఫ్' దగ్గర మొదలుపెట్టి హాబీల దాకా గడగడా అప్పజెప్తాడు. ఆదోనిలో అడగండి, ఎమ్మిగనూరులో అడగండి, అందరికీ ఒకటే హాబీ. లిజనింగ్ టు మ్యూజిక్. ఊరంతా పాటలు వింటుంటే పత్తి ఎవరు తీస్తున్నారో నాకర్థం కాదు.

మా రోజుల్లో ఈ సంబరం లేదు. మాది 1960ల నాటి కాలేజీ చదువు. ఎస్సెల్సీ దాకా తెలుగులో చదివి పీయూసీలో కాలు పెట్టగానే ఫిజిక్సు, కెమిస్ట్రీ, చరిత్ర అన్నీ ఇంగ్లీషే. తెలుగు అకాడమీని పెట్టిందే 1968లో. వాళ్ళు కాలేజీ పుస్తకాలు తెలుగులో అచ్చేసేసరికి మేం బయటపడ్డాం. ప్రశ్నపత్రాలు తిరుపతి నుంచి వచ్చేవి, మా కాలేజీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేది. మిగతావన్నీ గట్టెక్కి, పార్ట్ వన్ ఇంగ్లీషులో తప్పి, ఆదోని పత్తి మండీలో గుమాస్తాగా కుదిరిపోయినవాళ్ళు మా జతగాళ్ళలోనే బోలెడు. వాళ్ళలో కొందరు తర్వాత నాకంటే బాగా సంపాదించారు. అది వేరే కత.

భాషలు నేర్చుకోవడం చేతకాని సీమ కాదు మాది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది, ఎమ్మిగనూరు కూడా అందులోదే. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, మండీలో ఉర్దూ. నిక్కర్లు తొడుక్కునే వయసుకే మూడూ నాలుక మీద ఆడేవి. ఎందుకంటే మూడింటికీ ఎదురుగా మనుషులు ఉండేవాళ్ళు, తప్పు మాట్లాడితే అక్కడికక్కడే నవ్వేవాళ్ళు. ఇంగ్లీషుకే మనిషి లేడు.

ఆ మనిషి లేని లోటు మా సార్లు తీర్చారు. ఫిజిక్సు సారు పాఠమంతా ఇంగ్లీషులో చెప్పి, చివర్లో తలుపు దగ్గరికేసి అదే పాఠం తెలుగులో చెప్పేవాడు. ఆపైన మాలో ఎవణ్ణో ఒకణ్ణి లేపి ఇంగ్లీషులో తిరిగి చెప్పమనేవాడు. రెండు మూడు వాక్యాలు చాలు, తప్పులున్నా పర్వాలేదు, సొంతవై ఉండాలి. బజారు నోట్సు వాక్యం వినపడిందా, సుద్దముక్క గురి తప్పేది కాదు. ఇంగ్లీషు సారు ఇంకో రకం. హైదరాబాదులో 1958లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషులో ట్రైనింగు అయి వచ్చి, మా నోళ్ళ ముందు అద్దం పెట్టి నాలుక ఎక్కడ ఆనాలో చూపించేవాడు. మేం వెనక బెంచీల్లో నవ్వుకునేవాళ్ళం. సాయంత్రం ఆ సారే ఉగ్గాని బజ్జీల అంగడి ముందు బల్ల మీద కూర్చొని మా జవాబుల కాగితాలు ఎర్రసిరాతో నింపేవాడు. ప్రైవేటు కాదు, ఫీజు లేదు. బజ్జీల డబ్బులు కూడా ఎక్కువసార్లు ఆయనే ఇచ్చేవాడు.

ఇప్పుడు చూడండి. 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్క ప్రకటనతో తేల్చేసింది, ఆ ఏడాది నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అని. అంతకుముందు ఏడు డిగ్రీలో చేరినవాళ్ళలో దాదాపు నాలుగోవంతు తెలుగు మీడియం. ఆ నాలుగోవంతులో మా పడమటి పల్లెల పిల్లలు ఉంటారు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు వాన ముఖం చాటేస్తే ఇళ్ళకు తాళాలేసి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. అమ్మానాన్నల వెంట పోయి బడి తెగి, మళ్ళీ అతికించుకొని, ఎట్లో ఇంటర్ దాటి వచ్చిన పిల్ల చేతిలో ఇంగ్లీషు ఎకనామిక్స్ పుస్తకం పెడితే ఏం చేస్తుంది? ఇంగ్లీషు వద్దని నేను అనను. మేమూ ఆ బండి ఎక్కినవాళ్ళమే.

ఆ పిల్లకు అదనంగా నేర్పేది ఏందో విన్నప్పుడే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోన్లో మర్యాదగా ఎట్లా మాట్లాడాల, రెజ్యూమె ఎట్లా రాయాల, గ్రూప్ డిస్కషన్లో చేతులు ఎట్లా పెట్టుకోవాల. అంతా ఇంటర్వ్యూ చదువే. మూడేళ్ళు పాఠం అర్థం కాకుండా కూర్చున్న పిల్లను ఏ ఇంటర్వ్యూకి పంపుతారు? బ్రిటన్ యూనివర్సిటీలు పరదేశీ పిల్లలకు క్లాసులు మొదలవకముందే ప్రీసెషనల్ అని వారాల తరబడి ఇంగ్లీషు చెప్తాయి. అక్కడ నేర్పేది లెక్చరు వింటూ నోట్సు రాసుకోవడం, పుస్తకం చదివి అందులో సారం పట్టడం, సొంత మాటల్లో వ్యాసం రాయడం. తెల్లోళ్ళు తమ భాష నేర్పేటప్పుడు చదువు కోసం నేర్పుతారు. మనం మాత్రం అదే భాషను రిసెప్షన్ కౌంటరు కోసం నేర్పుతున్నాం.

ఊరికే గొణగడం ఎందుకని, మొన్నామధ్య ఒక కాలేజీకి పోయి "సాయంత్రం గంటసేపు పిల్లలతో వాళ్ళ పుస్తకాలే చదివిస్తా, పైసా వద్దు" అన్నా. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. "మాడ్యూల్ ఏమైనా ఉందా సార్? ఆఖర్లో సర్టిఫికెట్ ఇస్తారా?" అని అడిగారు. టీ తాగి లేచి వచ్చేసినా.

ఇప్పుడు మా అరుగు మీదికే ఇద్దరు ఆడపిల్లలు వస్తున్నారు. బీకాం. ఒక పిల్ల తాత, 1938లో మాచాని సోమప్ప పెట్టిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘంలో నేతగాడు. పోయిన వారం డిప్రిసియేషన్ అనే పాఠం దగ్గర బండి ఆగిపోయింది. "మీ తాత మగ్గం కొత్తప్పుడు ఎంత, పదేళ్ళు నేశాక అమ్మితే ఎంత వచ్చుండు?" అన్నా. ఆ పిల్ల టకటకా లెక్కేసింది. అదే సంగతి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయమంటే మూడు రాసింది, అందులో రెండు తప్పు. ఎర్ర పెన్ను కోసం ఇల్లంతా వెతికితే మనవడి గేముల డబ్బాలో దొరికింది. ఈ సోమవారం ఇంటర్నల్ పరీక్ష అంట. స్ట్రెయిట్ లైన్ మెథడ్ ఇంకా మిగిలే ఉంది, రిటెన్ డౌన్ వాల్యూ పేజీ అసలు తిప్పనే లేదు. వాళ్ళు వచ్చే వేళయింది, నేనూ ఒకసారి చదువుకోవాల.